కమ్యూనిటీ కాలేజీ నుంచి యూసీకి: ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌తో పని చేయించుకోవడం ఎలా

పిల్లాడు కమ్యూనిటీ కాలేజీలో చేరాడంటే బే ఏరియాలోని మన తెలుగు ఇళ్లలో ఇప్పటికీ గొంతు కాస్త తగ్గించి చెబుతారు. ఎందుకో నాకు అర్థం కాదు. పాలిటెక్నిక్ చేసి ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరినవాళ్లను మన ఊళ్లలో ఎవరూ తక్కువ చేసి మాట్లాడరు కదా, ఇదీ అలాంటి దారే. రెండేళ్లు ఇక్కడ, మరో రెండేళ్లు యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) లేదా సీఎస్‌యూ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) లాంటి యూనివర్సిటీలో, చివరికి పట్టా మీద ఉండేది యూనివర్సిటీ పేరు. కాలిఫోర్నియా 1960లో వేసుకున్న మాస్టర్ ప్లాన్‌లోనే ఈ దారి ఉంది. రాష్ట్రంలో 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, రాష్ట్ర నివాసి అయితే ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు.

తేడా ఎక్కడంటే, ఈసెట్‌లో ఒక పరీక్ష, ఒక ర్యాంకు, అంతటితో సరి. ఇక్కడ అలాంటి పరీక్ష ఏదీ లేదు. ఏ కోర్సులు తీసుకున్నారు, ఏ వరుసలో తీసుకున్నారు, ఏ గ్రేడ్ వచ్చింది, ఏ తేదీలోపు ఏ ఫారం నింపారు అనేదాని మీదే అంతా నడుస్తుంది. తెలివైన పిల్లలు కూడా ఒక్క కోర్సు తప్పుగా ఎంచుకుని ఏడాది పోగొట్టుకునేది ఇందుకే. అలా జరగకుండా చూడటానికి ప్రతి కాలేజీలో జీతం తీసుకుని పనిచేసే మనుషులున్నారు. వాళ్లకు మీరు ప్రత్యేకంగా పైసా కట్టనక్కర్లేదు. వేల డాలర్లు తీసుకునే ప్రైవేటు కన్సల్టెంటు దగ్గరకు పరిగెత్తేముందు క్యాంపస్‌లో ఉన్న ఈ సేవను పూర్తిగా వాడుకోండి. ఎలా వాడుకోవాలో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

నేను రాసేది కాలిఫోర్నియా సంగతి. టెక్సస్‌లో ఉన్నవాళ్లకు 42 క్రెడిట్ గంటల కోర్ కరికులం అనే వేరే పద్ధతి ఉంది, వర్జీనియాలో నోవా (నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీ) నుంచి జార్జ్ మేసన్‌కు అడ్వాన్స్ అనే కార్యక్రమం ఉంది. కౌన్సెలర్‌తో మాట్లాడే తీరు మాత్రం అక్కడా ఇదే పనికొస్తుంది.

ముందుగా: ఎవరి పని ఏమిటి

మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. "కౌన్సెలర్‌ని అడిగాను, తెలియదన్నారు" అంటారు. అడిగింది వీసా గురించి అయితే ఆమెకు తెలియకపోవడం తప్పేమీ కాదు, ఆ పని ఆమెది కాదు.

ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్ అంటే మీరు ఏ టర్మ్‌లో ఏ కోర్సు చదవాలో మీతో కూర్చుని ప్లాన్ వేసే మనిషి. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో కౌన్సెలర్లు ఫ్యాకల్టీ హోదా ఉన్నవాళ్లు, మాస్టర్స్ చేసినవాళ్లు. రిసెప్షన్‌లో కూర్చుని ఫారాలు ఇచ్చే విద్యార్థి సహాయకులు వేరు, వాళ్లు చెప్పిన మాటను కౌన్సెలర్ మాటగా తీసుకోకండి. ట్రాన్స్‌ఫర్ సెంటర్ అనేది ఈ పనికోసమే ఉన్న చోటు. వర్క్‌షాపులు, అప్లికేషన్ రోజుల్లో సాయం, యూనివర్సిటీల నుంచి వచ్చే ప్రతినిధులతో భేటీలు అక్కడే జరుగుతాయి.

ఆర్టిక్యులేషన్ ఆఫీసర్ అని ఇంకొకరు ఉంటారు. మీ కాలేజీలో చెప్పే కోర్సు ఫలానా యూనివర్సిటీలో ఏ కోర్సుకు సమానమో ఒప్పందాలు చూసే పని వీళ్లది. మీకు వీళ్లతో నేరుగా పని పడకపోవచ్చు, కానీ వెబ్‌సైట్‌లో ఒకటి, కౌన్సెలర్ నోట ఒకటి వినిపించినప్పుడు "ఇది ఆర్టిక్యులేషన్ ఆఫీసర్‌ని అడిగి చెప్పగలరా" అని కౌన్సెలర్‌నే అడగండి. ఈ ఒక్క వాక్యంతో చాలా చిక్కుముడులు విడిపోతాయి.

అడ్మిషన్స్ అండ్ రికార్డ్స్‌లో ఎవాల్యుయేటర్ ఉంటారు. వేరే కాలేజీ ట్రాన్స్‌క్రిప్టులు, ఏపీ (హైస్కూల్లో రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షల) స్కోర్లు, డిగ్రీ పూర్తయిందో లేదో చూసేది వాళ్లు. ఫీజు కోసం మీరు నివాసి కిందకు వస్తారా రారా అని తేల్చేది కూడా అదే ఆఫీసు.

యూనివర్సిటీ ప్రతినిధి, అందరూ రెప్ అనే మనిషి, యూసీ డేవిస్ నుంచో శాన్ హోసే స్టేట్ నుంచో మీ క్యాంపస్‌కు వస్తారు, లేదా జూమ్‌లో దొరుకుతారు. తమ యూనివర్సిటీ గురించి వాళ్లు చెప్పేది గట్టి మాట. పక్క యూనివర్సిటీ గురించి వాళ్లను అడిగితే లాభం లేదు.

ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్లకు డీఎస్‌ఓ అనే ఇంటర్నేషనల్ ఆఫీసు అధికారి ఉంటారు. వాళ్ల గురించి కింద విడిగా చెబుతాను.

వెళ్లే ముందు చేతిలో ఉండాల్సినవి

ఖాళీ చేతులతో వెళ్లి "నేను యూసీకి వెళ్లాలి, ఏం చేయాలి" అంటే అపాయింట్‌మెంట్ సమయమంతా అందరికీ చెప్పే మాటలతోనే అయిపోతుంది. ఆ మాటలు వెబ్‌సైట్‌లో ఎలాగూ ఉన్నాయి. మీకు కావాల్సింది మీ కేసుకు సంబంధించిన జవాబు.

కాబట్టి ముందు అసిస్ట్ వెబ్‌సైట్ తెరవండి. ఇది కాలిఫోర్నియా పబ్లిక్ కాలేజీలకు, యూనివర్సిటీలకు ఉన్న అధికారిక కోర్సుల సమానత పట్టిక. మీ కాలేజీ, వెళ్లాల్సిన యూనివర్సిటీ, మేజర్ (పట్టాకు ఎంచుకునే ప్రధాన సబ్జెక్టు) ఎంచుకుంటే రెండు వరుసల్లో కోర్సులు వస్తాయి. ఒక పక్క యూనివర్సిటీ అడిగేది, మరో పక్క మీ కాలేజీలో దానికి సరిపోయేది. మూడు నాలుగు యూనివర్సిటీలకు ఇలా తీసి ప్రింట్ చేసుకోండి. చదివిన కోర్సులకు రంగు పెన్నుతో గీత పెట్టండి. "సరిపోయే కోర్సు లేదు" అని ఎక్కడ వస్తే అక్కడ ప్రశ్నార్థకం పెట్టండి, మీ అపాయింట్‌మెంట్‌లో మొదటి ప్రశ్న అదే. పైన ఏ విద్యా సంవత్సరం ఉందో కూడా చూడండి, ఎందుకంటే మీరు కోర్సు చదివిన ఏడాది ఒప్పందమే ఆ కోర్సుకు వర్తిస్తుంది.

ఈ మధ్య ఇందులో కొత్త చిక్కు ఒకటి వచ్చింది. రాష్ట్రమంతటా కోర్సు నంబర్లను ఒకేలా చేస్తున్నారు, 2025 ఫాల్ నుంచి కొన్ని కోర్సులకు పేరు పక్కన సీ అక్షరంతో మొదలయ్యే నంబర్లు వచ్చాయి, ఉదాహరణకు మొదటి ఇంగ్లిష్ కోర్సు ఇప్పుడు సీ1000. అన్నయ్య దగ్గర తీసుకున్న పాత లిస్టులో ఉన్న నంబరు కేటలాగ్‌లో కనిపించకపోతే కోర్సు ఎత్తేశారని కంగారు పడొద్దు.

ప్రైవేటు యూనివర్సిటీలు అసిస్ట్‌లో ఉండవు. యూఎస్‌సీ లాంటివి తమ సైట్‌లోనే సొంతంగా పట్టికలు పెడతాయి.

రెండోది, యూసీ టాప్ అనే ఆన్‌లైన్ ప్లానర్‌లో అకౌంట్ తెరిచి మీ కోర్సులు, గ్రేడ్లు ఎక్కించండి. యూసీ వాళ్లదే, ఉచితం. దీనిలో మీరు పెట్టిన వివరాలను మీ కౌన్సెలర్ కూడా చూడగలరు, కింద చెప్పబోయే టాగ్ అనే సీటు గ్యారంటీకి అప్లికేషన్ కూడా దీనిలోంచే పంపాలి.

మూడోది ఇండియా చదువు సంగతి. ఇంటర్ మార్కుల మెమో చూపించి క్రెడిట్ వస్తుందని ఆశ పెట్టుకోకండి, అది హైస్కూల్ చదువు కిందే లెక్క. కానీ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీటెక్ ఒక ఏడాది చదివి మానేసి ఇక్కడికి వచ్చినవాళ్లు ఉంటారు, వాళ్లు మాత్రం ఆ ట్రాన్స్‌క్రిప్టును కచ్చితంగా కౌన్సెలర్‌కు చూపించాలి. బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయని దాచేద్దాం అనుకునేవాళ్లను చూశాను. దాచొద్దు. చదివిన ప్రతి కాలేజీని యూసీ అప్లికేషన్‌లో చెప్పాలి, చెప్పలేదని తర్వాత తేలితే సీటు వచ్చాక కూడా పోతుంది. ఇంకో సంగతి, నాలుగేళ్ల కాలేజీ యూనిట్లు మరీ ఎక్కువ ఉంటే అదే అడ్డు కావచ్చు. కమ్యూనిటీ కాలేజీ కోర్సులు ఎన్ని చదివినా యూసీ 70 సెమిస్టర్ యూనిట్ల దగ్గర లెక్క ఆపేస్తుంది, అందువల్ల ఇబ్బంది లేదు. బీటెక్ యూనిట్లకు ఆ రక్షణ లేదు. ఇది కౌన్సెలర్‌తో పాటు యూనివర్సిటీ రెప్‌తో కూడా మాట్లాడాల్సిన విషయం.

ఎప్పుడు వెళ్లాలి

మొదటి టర్మ్‌లోనే. ఇంకా మేజర్ తేల్చుకోలేదు కదా అని ఆగకండి, తేల్చుకోనివాళ్లకే ఎక్కువ అవసరం.

టర్మ్ మొదలయ్యే వారంలో కౌన్సెలింగ్ ఆఫీసులో కాలు పెట్టే చోటు ఉండదు, నవంబర్ చివర కూడా అంతే. ఆ రోజుల్లో డ్రాప్-ఇన్ (అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లడం) అంటే ఒక చిన్న ప్రశ్నకే టైం దొరుకుతుంది. టర్మ్ మధ్యలో, మిడ్‌టర్మ్స్ నడిచే రోజుల్లో ఆఫీసు ఖాళీగా ఉంటుంది, పెద్ద అపాయింట్‌మెంట్ అప్పుడు పెట్టుకుని రెండేళ్లకూ సరిపోయే ఎడ్యుకేషన్ ప్లాన్ వేయించుకోండి. ఆ తర్వాత ప్రతి టర్మ్ రిజిస్ట్రేషన్‌కు ముందు ఒకసారి కలవాలి. వీలైనంతవరకు ఒకే కౌన్సెలర్ దగ్గరకు వెళ్లండి. ప్రతిసారీ కొత్తవాళ్ల దగ్గరకు వెళితే మీ కథ మొదటినుంచి చెప్పడానికే సగం టైం పోతుంది, పైగా ఒకరు చెప్పినదానికి ఇంకొకరు వేరేగా చెబితే ఎవరి మాట వినాలో తెలియక తలనొప్పి.

మీరు తీసుకోబోయే మేజర్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్) అయితే మీ కాలేజీలో మీసా అనే సహాయ కార్యక్రమం ఉందేమో, ఇంట్లో ఆదాయం తక్కువైతే ఈఓపీఎస్ అనే కార్యక్రమం ఉందేమో అడగండి. అర్హత ఉంటే వాటికి సొంత కౌన్సెలర్లు ఉంటారు, అక్కడ క్యూ తక్కువ, మిమ్మల్ని పేరుతో గుర్తుపడతారు.

గదిలో కూర్చున్నాక

అమెరికన్ కౌన్సెలర్లు మన ఇంట్లో పెద్దవాళ్లలా "అది కుదరదు, ఇది చెయ్" అని చెప్పరు. మీ నిర్ణయం మీది అనేది వాళ్ల ఉద్యోగ ధర్మం. మనకేమో పెద్దవాళ్ల ముందు కూర్చుంటే తల ఊపడం అలవాటు. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందంటే, ఆమె మెత్తగా "ఇంకొన్ని మేజర్లు కూడా చూశావా" అంటుంది, మనవాడు "ఓకే, ఓకే" అనేసి బయటకు వచ్చి ఇంట్లో "మేడమ్ ప్లాన్ బాగుందన్నారు" అని చెబుతాడు. ఆమె చెప్పింది అది కాదు. ఇప్పుడున్న జీపీఏతో ఈ మేజర్‌కు కష్టం అని ఆమె హెచ్చరించింది. అలాంటి మాట వినపడగానే ఆగి సూటిగా అడగాలి: "నా గ్రేడ్లతో ఈ మేజర్‌కు, ఈ క్యాంపస్‌కు అవకాశం తక్కువ అంటున్నారా? తక్కువైతే ఏం మారిస్తే పెరుగుతుంది?" ఇలా అడగడం అమర్యాద కాదు. నిజానికి వాళ్లు ఎదురుచూసేది ఇలాంటి ప్రశ్నల కోసమే.

సీటు వస్తుందా రాదా అని మాత్రం అడగకండి, అది ఎవరూ చెప్పలేరు. దానికి బదులు ఒక పని చేయండి. ఏ మేజర్‌కు ఎంతమంది ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు అప్లై చేశారు, ఎంతమందిని తీసుకున్నారు, తీసుకున్నవాళ్ల జీపీఏ ఏ మధ్యలో ఉంది అని యూసీ వాళ్లే వెబ్‌సైట్‌లో క్యాంపస్ వారీగా పెడతారు. ఆ పేజీ తెరిచి పెట్టుకుని మాట్లాడండి. యూసీకి కనీస జీపీఏ రాష్ట్ర నివాసులకు 2.4, బయటివాళ్లకు 2.8 అని రాసి ఉంటుంది, అది గేటు దగ్గరి నియమం మాత్రమే. 2.4తో కంప్యూటర్ సైన్స్ ఆశ పెట్టుకున్నవాళ్లకు ఆ పట్టిక చూస్తే విషయం తెలిసిపోతుంది.

ప్రశ్నలు ఎంత చిన్నగా, ఎంత నిర్దిష్టంగా ఉంటే జవాబు అంత బాగా వస్తుంది. "ఏ మ్యాథ్ తీసుకోవాలి" కంటే "డేవిస్, శాన్ డియేగో రెండింటికీ లీనియర్ ఆల్జీబ్రా కావాలని అసిస్ట్‌లో ఉంది, మన కాలేజీలో అది స్ప్రింగ్‌లోనే ఇస్తున్నారు, నేను అది ఈ ఏడాదే చేసేయాలా, వచ్చే స్ప్రింగ్ దాకా ఆగితే అప్లికేషన్‌కు నష్టమా" అనేది మంచి ప్రశ్న.

ఇప్పుడు అమ్మానాన్నలకు ఒక మాట. కాలేజీలో చేరిన రోజు నుంచి పిల్లల వయసు 17 అయినా సరే, వాళ్ల రికార్డుల మీద హక్కు వాళ్లదే. ఫెర్పా అనే ఫెడరల్ చట్టం అది. మీరు ఫోన్ చేసి "మా అబ్బాయి గ్రేడ్లు ఎలా ఉన్నాయి" అంటే ఆఫీసువాళ్లు చెప్పరు, మిమ్మల్ని అవమానించాలని కాదు. పిల్లలు ఒప్పుకుంటే అపాయింట్‌మెంట్‌కు కలిసి వెళ్లొచ్చు. వెళితే మాత్రం మాట్లాడే పని పిల్లలకే వదిలేయండి. తండ్రి అడుగుతుంటే పిల్లాడు ఫోన్ చూసుకుంటూ కూర్చున్న అపాయింట్‌మెంట్ వల్ల ఎవరికీ లాభం ఉండదు.

వరుస చెడగొట్టుకోకుండా కోర్సులు ఎంచుకోవడం

కౌన్సెలర్‌తో ఎక్కువసేపు గడపాల్సిన విషయం ఇదే, అందుకే నేనూ ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను.

కోర్సులు రెండు రకాలు. ఒకటి జనరల్ ఎడ్యుకేషన్ (జీఈ), అంటే అందరికీ ఉండే ఇంగ్లిష్, సోషల్ సైన్స్, ఆర్ట్స్ లాంటివి. 2025 ఫాల్ నుంచి చేరినవాళ్లకు దీనికి కాల్‌గెట్‌సీ అనే ఒకే పద్ధతి ఉంది, యూసీకీ సీఎస్‌యూకీ రెండిటికీ పనికొస్తుంది, 34 సెమిస్టర్ యూనిట్లు, ప్రతి కోర్సులో కనీసం సీ గ్రేడ్ రావాలి. అంతకుముందు చేరి చదువు ఆపకుండా కొనసాగిస్తున్నవాళ్లకు పాత ఐగెట్‌సీ వర్తించవచ్చు, మీది ఏదో కౌన్సెలర్‌ని అడిగి రాయించుకోండి. రెండోది మేజర్‌కు కావాల్సిన కోర్సులు: క్యాలిక్యులస్, ఫిజిక్స్, ప్రోగ్రామింగ్, అలాంటివి.

ఇంజినీరింగ్, కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్లేవాళ్లు జీఈ అంతా పూర్తి చేసి మేజర్ కోర్సులు సగంలో వదిలేస్తే లాభం లేదు. అలాంటి మేజర్లకు యూనివర్సిటీవాళ్లు ముందు చూసేది మేజర్ ప్రిపరేషన్ ఎంతవరకు అయిందనే. సులువైన జీఈ కోర్సులతో జీపీఏ పెంచుకుందామనే సలహా మన వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతుంటుంది, ఆ సలహా హిస్టరీ మేజర్‌కు వేరు, ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్‌కు వేరు. మీ మేజర్‌కు ఏది ముందో కౌన్సెలర్ నోటితో చెప్పించండి.

తర్వాత కాలేజీలు మారే సంగతి. డి ఆంజా, ఫుట్‌హిల్ క్వార్టర్ పద్ధతిలో, అంటే సెమిస్టర్ కంటే చిన్న టర్మ్‌లతో నడుస్తాయి. ఫ్రీమాంట్‌లోని ఓలోనీ, లివర్‌మోర్‌లోని లాస్ పొసిటాస్, శాంటా క్లారాలోని మిషన్ సెమిస్టర్ పద్ధతి. డి ఆంజాలో క్యాలిక్యులస్ నాలుగు క్వార్టర్లు, సెమిస్టర్ కాలేజీలో అదే సిలబస్ మూడు కోర్సులు. డి ఆంజాలో మొదటిది చేసి, టైమింగ్ కుదరలేదని రెండోది సెమిస్టర్ కాలేజీలో తీసుకుంటే మధ్యలో కొంత సిలబస్ జారిపోతుంది లేదా రెండుసార్లు వస్తుంది, యూనివర్సిటీ దాన్ని పూర్తి వరుసగా ఒప్పుకోకపోవచ్చు. క్యాలిక్యులస్ అయినా ఫిజిక్స్ అయినా మొదలుపెట్టిన చోటే ముగించండి. తప్పనిసరిగా మారాల్సి వస్తే సమ్మర్ క్లాసుకు డబ్బు కట్టకముందే కౌన్సెలర్‌తో ఈమెయిల్‌లో ఖాయం చేసుకోండి.

గ్రేడ్ సరిగ్గా రాదేమోనని పాస్ నో-పాస్ (లెటర్ గ్రేడ్ లేకుండా పాసయ్యారో లేదో మాత్రమే చెప్పేది) పెట్టుకోవాలనిపిస్తుంది. యూసీ అలాంటి యూనిట్లను 14 సెమిస్టర్ యూనిట్లకు మించి లెక్కలోకి తీసుకోదు, మేజర్ కోర్సుల్లో అయితే లెటర్ గ్రేడే ఉండాలి అనుకుని నడవడం మంచిది. సీ వచ్చిన కోర్సును మళ్లీ చదివి జీపీఏ పెంచుకోవడమూ కుదరదు, డీ లేదా ఎఫ్ వస్తేనే మళ్లీ చదివింది లెక్కకు వస్తుంది. కాబట్టి టర్మ్ మధ్యలో క్లాసు మునుగుతోందని తెలిస్తే డ్రాప్ చేయాలా ఆగాలా అని విత్‌డ్రా గడువుకు ముందే కౌన్సెలర్‌ని కలవండి, గడువు అయిపోయాక వెళితే వాళ్లు చేయగలిగేది తక్కువ.

బయటకు రాగానే

ఆ రోజే ఒక చిన్న ఈమెయిల్ పంపండి. "ఈ రోజు మాట్లాడుకున్నదాంట్లో నాకు అర్థమైంది ఇది: ఫాల్‌లో ఈ మూడు కోర్సులు, స్ప్రింగ్‌లో ఈ మూడు, ఫలానా కోర్సు సంగతి మీరు కనుక్కుని చెబుతానన్నారు. ఏదైనా తప్పుగా అనుకుంటే చెప్పండి" అని. నాలుగైదు లైన్లు చాలు. కౌన్సెలర్ మారినా, సెలవు మీద వెళ్లినా, రేపు ఏదైనా పేచీ వచ్చినా ఈ ఈమెయిల్ మీ చేతిలో ఉంటుంది. ఆన్‌లైన్ పోర్టల్‌లో ఎడ్యుకేషన్ ప్లాన్ సేవ్ అయిందో లేదో కూడా చూసుకోండి. కౌన్సెలర్ చెప్పింది, అసిస్ట్‌లో ఉన్నది వేరుగా ఉంటే భయపడకుండా ఆ పేజీ జతచేసి అడగండి. వాళ్లూ మనుషులే, రోజంతా విద్యార్థుల్ని చూస్తూనే ఉంటారు.

గ్యారంటీ అనే మాట దగ్గర జాగ్రత్త

రెండు గ్యారంటీలు ఉన్నాయి, రెండిటినీ కలిపేసి మాట్లాడేవాళ్లే ఎక్కువ. టాగ్ అనేది యూసీది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్, ఈ ఆరు క్యాంపస్‌లలో ఒక్కదానికే పెట్టుకోవాలి. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగోలకు టాగ్ లేదు, ఎవరైనా ఉందని చెబితే నమ్మకండి. ఉన్న చోట కూడా అన్ని మేజర్లకూ ఉండదు. శాంటా బార్బరా ఇంజినీరింగ్ కాలేజీకి అసలే లేదు. షరతులు ఏటా మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది టాగ్ పట్టిక కౌన్సెలర్‌తో కూర్చుని చదవండి. టాగ్ పెట్టుకున్నవాళ్లు మామూలు యూసీ అప్లికేషన్ కూడా వేయాలి, అది మర్చిపోయేవాళ్లూ ఉంటారు.

ఏడీటీ (అసోసియేట్ డిగ్రీ ఫర్ ట్రాన్స్‌ఫర్) అనేది సీఎస్‌యూది, 2010లో వచ్చిన చట్టంతో మొదలైంది. 60 యూనిట్ల ఆ డిగ్రీ చేస్తే సీఎస్‌యూ వ్యవస్థలో ఎక్కడో ఒకచోట సీటు ఖాయం. మీరు కోరుకున్న క్యాంపసే అని ఎక్కడా లేదు. శాన్ హోసే స్టేట్ దగ్గరగా ఉంది కదా అని దాని మీదే ఆశ పెట్టుకున్నవాళ్లు ఈ తేడా ముందే తెలుసుకోవాలి.

యూసీఎల్‌ఏ మీద కన్ను ఉంటే మీ కాలేజీలో ఆనర్స్ ప్రోగ్రామ్ ఉందేమో చూడండి. అక్కడి లెటర్స్ అండ్ సైన్స్ అనే విభాగం వైపు అప్లై చేసేవాళ్లకు అది పూర్తి చేస్తే కొంత ప్రాధాన్యం ఉంటుంది, దానికి ఆలస్యంగా మేలుకుంటే కుదరదు.

వీసా ఉన్నవాళ్లు

ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్‌కు ఇమిగ్రేషన్ తెలియదు, డీఎస్‌ఓకు మేజర్ ప్రిపరేషన్ తెలియదు. ఇద్దరి మధ్య మాట మోసుకెళ్లే పని మీదే. కౌన్సెలర్ మంచి మనసుతో "ఈ క్వార్టర్ బరువు ఎక్కువైంది, ఒక క్లాసు వదిలేయ్" అనవచ్చు. ఎఫ్‌-1 మీద ఉన్నవాళ్లు 12 యూనిట్ల కంటే తగ్గితే స్టేటస్‌కే ముప్పు, ముందు డీఎస్‌ఓ అనుమతి లేకుండా ఏ క్లాసూ వదలొద్దు. ఆ 12 యూనిట్లలో ఆన్‌లైన్ క్లాసు ఒకదానికి మించి లెక్కకు రాదు కూడా. కాబట్టి అపాయింట్‌మెంట్ మొదలవ్వగానే మొదటి వాక్యం "నేను ఎఫ్‌-1" అని చెప్పండి. సీటు వచ్చాక సెవిస్ అనే ప్రభుత్వ డేటాబేస్‌లో ఉన్న మీ రికార్డు కొత్త యూనివర్సిటీకి ఏ తేదీన పంపాలో డీఎస్‌ఓతో మాట్లాడుకోవాలి.

హెచ్‌-4 (హెచ్‌-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) పిల్లల కథ వేరు. ఏడాదికి పైగా కాలిఫోర్నియాలో నివాసం, ఇక్కడే ఉండే ఉద్దేశం కాగితాలతో చూపగలిగితే హెచ్‌-4 వాళ్లకు నివాసి ఫీజు దొరికే వీలుంది, ఎఫ్‌-1 వాళ్లకు లేదు. కానీ 21 నిండితే హెచ్‌-4 పోతుంది. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు అనుకున్నది మూడేళ్లయితే సరిగ్గా ట్రాన్స్‌ఫర్ సమయానికి ఈ పుట్టినరోజు వచ్చి పడుతుంది. ఫీజు సంగతి రెసిడెన్సీ ఆఫీసుతో, స్టేటస్ సంగతి లాయర్‌తో, కోర్సులు తొందరగా ముగించే సంగతి కౌన్సెలర్‌తో మొదటి ఏడాదిలోనే మాట్లాడండి. గ్రీన్‌కార్డు లైన్‌లో ఉన్న ఇళ్లలో ఈ టెన్షన్ ఎలాగూ ఉంటుంది, కనీసం కోర్సులు లెక్క తప్పడం వల్ల ఇంకో ఏడాది కలవకుండా చూసుకోవచ్చు.

సెప్టెంబర్ నుంచి జనవరి దాకా

టాగ్ సెప్టెంబర్ 1 నుంచి 30 వరకు. యూసీ అప్లికేషన్ ఆగస్టు 1నే తెరుచుకుంటుంది, పంపించేది అక్టోబర్ 1 నుంచి నవంబర్ 30 వరకు. చివరి రోజు వారాంతంలో పడితే ఒకటి రెండు రోజులు జరపడం చూశాం, దాన్ని నమ్ముకుని థాంక్స్‌గివింగ్ సెలవుల్లో కూర్చోవద్దు, ఆ రోజుల్లో కౌన్సెలర్లూ ఉండరు.

యూసీ అప్లికేషన్‌లో ట్రాన్స్‌క్రిప్టు ముందే పంపనక్కర్లేదు, మీరే చూసి ఎక్కించాలి. పని సులువనిపిస్తుంది కానీ అసలు ప్రమాదం ఇక్కడే, విత్‌డ్రా చేసిన కోర్సు వదిలేసినా, బీ ప్లస్‌ని ఏ మైనస్‌గా కొట్టినా బాధ్యత మీదే. ట్రాన్స్‌ఫర్ సెంటర్ అప్లికేషన్ వర్క్‌షాపుకు ట్రాన్స్‌క్రిప్టు ప్రింట్‌తో వెళ్లి ఒక్కో లైన్ సరిచూడమని అడగండి.

రాయాల్సిన జవాబులు నాలుగు, ఒక్కోటి 350 పదాలకు మించకూడదు. మీ మేజర్‌కు ఎలా సిద్ధమయ్యారు అనే ప్రశ్న ట్రాన్స్‌ఫర్ వాళ్లకు తప్పనిసరి, మిగతా ఏడింటిలో మూడు ఎంచుకోవాలి. కౌన్సెలర్లు చదివి అభిప్రాయం చెబుతారు, రాసివ్వరు. అక్టోబర్ మొదట్లో ఇస్తే నింపాదిగా చదువుతారు. సిఫారసు లేఖల కోసం ప్రొఫెసర్ల వెంట పడకండి, యూసీ అవి అడగదు.

జనవరిలో ట్రాన్స్‌ఫర్ అకడమిక్ అప్‌డేట్ అని ఒక ఫారం ఉంటుంది, ఫాల్ గ్రేడ్లు ఎక్కించి, స్ప్రింగ్‌లో చదువుతున్నవి చెప్పాలి, గడువు జనవరి 31. అప్లికేషన్ పంపేశాం కదా అని ఈమెయిల్ చూడటం మానేసినవాళ్లు సరిగ్గా ఇక్కడ దెబ్బతింటారు.

జవాబులు వచ్చాక

యూసీ జవాబులు ఏప్రిల్ నెలాఖరుకల్లా వస్తాయి, చేరతామని చెప్పడానికి గడువు జూన్ 1. ఈ లోపు సీటు వచ్చిన క్యాంపస్ రెప్‌తో ఒకసారి మాట్లాడండి, మీ కోర్సుల్లో ఏవి లెక్కకు వచ్చాయో, రెండేళ్లలో పూర్తవుతుందా మూడో ఏడాది పడుతుందా అని. ఫీజు తేడా కంటే ఒక్కోసారి ఈ ఏడాది తేడాయే పెద్ద ఖర్చు.

సీటు ఇచ్చేది షరతులతోనే. స్ప్రింగ్‌లో చదువుతానని చెప్పిన కోర్సు వదిలేసినా, డీ వచ్చేలా ఉన్నా, ముందు మీ కౌన్సెలర్‌తో మాట్లాడి, వెంటనే ఆ యూనివర్సిటీ అడ్మిషన్స్ ఆఫీసుకు పోర్టల్ ద్వారా రాతపూర్వకంగా చెప్పండి. ముందే చెప్పినవాళ్లకు సమ్మర్‌లో ఆ కోర్సు చేసుకోమని దారి చూపించే అవకాశం ఉంది. వాళ్లంతట వాళ్లే ట్రాన్స్‌క్రిప్టులో చూసి పట్టుకుంటే అలా వినిపించుకోవడం కష్టం.

చివరి టర్మ్‌లో కౌన్సెలర్ దగ్గర ఇంకో రెండు పనులున్నాయి. కాల్‌గెట్‌సీ సర్టిఫికేషన్ చాలా కాలేజీల్లో దానంతట అది జరగదు, మీరే అడిగి పంపించాలి. ఏడీటీ అయితే డిగ్రీకి విడిగా అప్లై చేయాలి, ఆ గడువు కాలేజీని బట్టి మారుతుంది. చదివిన ప్రతి కాలేజీ నుంచి ఫైనల్ ట్రాన్స్‌క్రిప్టు యూసీకి జూలై 1లోపు చేరాలి. ఒక్క సమ్మర్ క్లాసు చేసిన కాలేజీ అయినా సరే. గ్రేడ్లు పడ్డాకే ఆర్డర్ పెట్టండి, లేకపోతే చివరి టర్మ్ లేని ట్రాన్స్‌క్రిప్టు వెళుతుంది. ఏపీ స్కోర్లు కాలేజ్ బోర్డ్ నుంచి నేరుగా యూనివర్సిటీకి వెళ్లాలి, వాటి గడువు జూలై 15. కమ్యూనిటీ కాలేజీ ట్రాన్స్‌క్రిప్టు మీద ఏపీ క్రెడిట్ కనిపిస్తోంది కదా అని ఊరుకుంటే యూసీ దాన్ని లెక్కలోకి తీసుకోదు.